అన్నీ వినే కౌంటర్

“ఈసారి టార్గెట్ మనిషి కాదు, మెషీన్,” అన్నాడు చీఫ్, తెర మీద ఫొటో మారుస్తూ. “వలస వచ్చినవాళ్ల సహాయ కేంద్రంలో పెట్టిన ఏఐ కౌంటర్. ఏ భాషలో చెప్పినా వింటుంది. గది ఇప్పిస్తుంది, డాక్టర్ దగ్గరికి పంపిస్తుంది. పాపం, వాళ్లు దానికి అన్నీ చెప్పేసుకుంటారు. ఓ విదేశీ ముఠా దొంగచాటుగా అవన్నీ వింటోంది.”

“ఎవరి కోసం సార్?” అడిగాడు ఏజెంట్. డిపార్ట్‌మెంట్‌లో అందరూ అతన్ని డేగ అంటారు.

“ముఠా దేశంలోని జైలు నుంచి తప్పించుకొచ్చిన ఓ విలేకరి కోసం. అతని భార్య ఇవాళ కౌంటర్‌కి వస్తోంది. ముందే ఆపేస్తే ముఠా జారుకుంటుంది. ఆమె మాట్లాడుతుండగా మేం లైన్ ట్రేస్ చేస్తాం. అడ్రస్ చెప్పేలోగా నువ్వు కట్ చెయ్యాలి. ఆ కేంద్రం డైరెక్టరమ్మ మన మనిషే.”

డేగ మాసిన చొక్కా, పెరిగిన గడ్డంతో క్యూలో నిలబడ్డాడు. అతని వాచీలో సిగ్నల్ ఆపేసే జామర్ ఉంది. హాలంతా తడి దుప్పట్ల వాసన. నీలం సూటులో, హైహీల్స్ టకటకలాడిస్తూ డైరెక్టర్ వచ్చింది. అంత అందగత్తె ఆ హాల్లో ఉండటమే వింత.

“ఫ్యాన్ చప్పుడు ఎక్కువగా ఉంది మేడమ్.”

“ఆయిల్ వేయిస్తాను.” సరైన కోడ్. “ఆ వాచీ ఇటివ్వండి, లోపల స్కానర్ పట్టేస్తుంది.”

ఇచ్చాడు. ఆమె దాన్ని నేల తుడిచే బకెట్‌లో జారవిడిచింది. ఇద్దరు గార్డులు అతని రెక్కలు పట్టుకున్నారు.

డబుల్ ఏజెంట్!

“అరవకండి,” నవ్వింది. “అరిస్తే విలేకరి పెళ్లాం బెదిరి మొగుడి దగ్గరికి పరుగెడుతుంది. వెనకాలే మావాళ్లూ వెళతారు.”

నాలుగడుగుల దూరంలో విలేకరి భార్య కూర్చుని ఉంది. డేగ కళ్లతోనే గోడలు వెతికాడు.

“భయపడకమ్మా,” అంది మెషీన్ మెత్తగా. “మీ ఆయన ఎక్కడున్నారో చెప్పు. ఇద్దరికీ ఒకే గది ఇప్పిస్తాను.”

“నిజంగానా? ఆయనకి దగ్గు ఆగట్లేదు. మేం ఉండేది పాత...”

డేగ ఒక్కసారిగా ఒళ్లు వదిలేసి గార్డుల చేతుల్లోంచి జారాడు. గోడ మీది ఫైర్ అలారం అద్దాన్ని తలతో పగలగొట్టాడు. సైరన్ మోగింది. పైనుంచి నీళ్లు దూకాయి. మెషీన్ ఆరిపోయింది. పారిపోబోయిన డైరెక్టర్‌ని, డేగ కేక విని, గేటు దగ్గరే చీఫ్ మనుషులు పట్టేశారు.

విలేకరి భార్య తడిసి ముద్దయి, నల్లబడ్డ తెరని వేళ్లతో తడుతూనే ఉంది.

“అన్నా, ఇది మళ్లీ ఎప్పుడు మాట్లాడుతుంది?”

“తెలీదమ్మా. నువ్వు ఆ అడ్రస్ చెప్పుంటే మీ ఆయన్ని చంపేసేవాళ్లు.”

ఆమె అతనికేసి చూసింది. “ఈ చలిలో ఆయన బతుకుతారా మరి?”

డేగ నుదుటి రక్తం తుడుచుకుంటుంటే ఫోన్ మోగింది.

“శభాష్! ముఠా మొత్తం దొరికింది,” అన్నాడు చీఫ్. “ఏం కావాలో కోరుకో!”

“ఒక గది సార్. ఇద్దరికి.”



“అది మన డిపార్ట్‌మెంట్ కాదోయ్.”