రైలు గేటు దగ్గర తట్టే చప్పుడు

ఊరి చివర రైలు గేటుకి మంచి పేరు లేదు. చీకటి పడ్డాక అక్కడ ఇంజన్ ఆపితే కాళ్ల కింద ఎవరో తడతారని టాక్సీవాళ్లు చెప్పుకునేవారు. టక... టక... టక్. గేటు కాసే ముసలాయన భార్య రెండేళ్ల కిందట ఆ పక్క గదిలోనే పోయింది. ఆమేనన్నారు. తలుపు తియ్యమని తడుతోందన్నారు.

చెవి మేస్త్రి ఈ మాట విని పకపకా నవ్వాడు. బండి మలుపు తిరుగుతుండగానే చప్పుడు విని రోగం చెప్పేస్తాడని అతనికి ఆ పేరు. బళ్లు బాగుచేసే తన షెడ్డు వెనకే ఇల్లు కావడంతో రాత్రిపూట గేటు వైపు వెళ్లే పనే పడలేదు.

"నవ్వకురా," అన్నాడు టాక్సీ నడిపే బావ. "మీ అక్క నన్ను రాత్రి బండి తియ్యనివ్వడం లేదు. ఇలాగైతే బండి అమ్ముకోవాల్సిందే. ఒక్కసారి వచ్చి విను."

"దెయ్యానికి కూడా రిపేరు చెయ్యమంటావా బావా?"

"నీ చెవి గొప్పదిగా. పద."

వెళ్లేసరికి గేటు పడి ఉంది. ముందు ఆరు బళ్లు. రైలు జాడ లేదు. ఎంత భయమున్నా డీజిల్ ఊరికే తగలేసే టాక్సీవాడు ఉండడు కదా—మొదటి బండి ఇంజన్ ఆపింది.

టక... టక్.

తర్వాత రెండోది. టక... టక... టక్.

మూడోది...

చప్పుడు ఒక్కో బండినీ తట్టుకుంటూ వెనక్కి వస్తోంది. వీళ్ల వైపే.

"వస్తోంది..." అన్నాడు బావ.

నాలుగోది పైఊరి బండి. దాని ఇంజన్ ఆగింది. చప్పుడు లేదు. దాన్ని వదిలేసి, అయిదోదాన్ని తట్టింది. ఆరోదాన్ని తట్టింది. బావ తాళం తిప్పి ఇంజన్ ఆపాడు—

టక... టక... టక్. సరిగ్గా కాళ్ల కింద!

మేస్త్రి ఒళ్లు జలదరించింది. భయంతో కాదు. ముందున్న బళ్లని ఒక్కొక్కటే గుర్తుపట్టాడు. నాలుగోది తప్ప అన్నీ తన షెడ్డులో క్లచ్ మార్చుకున్నవే.

ఆ బళ్లలో ఇంజన్‌కీ క్లచ్‌కీ మధ్య తిరిగే ఫ్లైవీల్ అంటే రెండు పళ్లేలు, మధ్యలో స్ప్రింగులు. స్ప్రింగులు అరిగితే ఇంజన్ ఆగేటప్పుడు పళ్లేలు తడబడి కొట్టుకుంటాయి. ఊరి సందడిలో ఆ చప్పుడు ఎవరికీ పట్టదు, రాత్రి గేటు దగ్గర నిశ్శబ్దంలోనే వినపడుతుంది. క్లచ్ కోసం గేర్‌బాక్స్ దించినప్పుడు ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పి, ఎంత ఆడుతోందో చూడాలి. రెండు నిమిషాల పని. ఎక్కువ ఆడితే మార్చాలి, లేదంటే బండి నడుస్తుండగానే పగిలిపోవచ్చు. మార్చాలంటే సామాను వచ్చేదాకా వారం ఆగాలి. డ్రైవరు ఆగడు, ఇంకో షెడ్డుకి పోతాడు. అందుకని రెండేళ్లుగా మేస్త్రి తిప్పి చూడటమే మానేశాడు. కొత్త క్లచ్ ప్లేటు బిగించి, "ఫ్లైవీల్ చూశాను, రాయిలా ఉంది" అనేవాడు. షెడ్డులో ఇంజన్ ఆపేముందు రేడియో గట్టిగా పెట్టేవాడు. చూడనిదాన్ని చూశానంటే అడిగేవాళ్లెవరని మనిషి ధైర్యం.

"బావా... అది దెయ్యం కాదు. నేను."

"ఏంట్రా?"

"నీ ఫ్లైవీల్ నేను చూడలేదు. చూశానని చెప్పాను. వీళ్లందరికీ అంతే చెప్పాను."

బావ స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. "పిల్లల్ని రోజూ దీంట్లోనే బడికి దింపుతున్నానురా," అన్నాడు. అంతే. తిట్టినా బాగుండేది.

మేస్త్రి తలొంచుకుని దిగి గేటు గది దగ్గరికి నడిచాడు. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల ముసలాయన ఒక్కడే కూర్చున్నాడు.

"ఈ చలిలో తలుపు తీసిపెట్టావేం తాతా?"

"తడుతోందంటున్నారుగా బాబూ..." ముసలాయన మెల్లగా అన్నాడు. "ఎప్పుడైనా ఇటు వస్తే, గడియ పెట్టి ఉండకూడదని. రెండేళ్లుగా వెయ్యలేదు."

చెప్పకుండా వెనక్కి తిరిగితే ముసలాయనకి ఎప్పటికీ తెలియదు. ఎవరికి తెలుస్తుందిలే అన్న ఆ మాటే ఇన్నాళ్లూ తనని చెడగొట్టింది. మేస్త్రి గుమ్మం దగ్గరే నిలబడి అంతా చెప్పాడు. ఫ్లైవీల్, స్ప్రింగులు, రేడియో—ఏదీ దాచలేదు.

ముసలాయన విన్నాడు. "అయితే... వట్టి ఇనుమేనా?"

"ఇనుమే తాతా. నా తప్పు."

రైలు వచ్చి వెళ్లింది. ముసలాయన బయటికి వచ్చి గేటు ఎత్తాడు. మేస్త్రి మొహం చూడకుండా గదిలోకి వెళ్లి తలుపు మూసుకున్నాడు. లోపల గడియ పడింది.

టక్.