బెల్లం మింగిన విమానం

కిరసనాయిలు డబ్బాకు ఒక్క చిల్లే పొడిచే జాతి చరిత్రలో నిలువజాలదు. నూనె రావడానికొకటి, గాలి పోవడానికొకటి, వెరసి రెండు ఉండవలెనని నిజామాబాదు పట్టణపు ఏకైక ప్రైవేటు డిటెక్టివు ఆత్మారాం తన సహాయకుడు సిద్దిరాములుకు బోధిస్తుండగా, ఒక స్త్రీ గడప మీద కుప్పకూలింది.

"నీ కాల్మొక్త సారూ! నేను తిరుపతమ్మను. మా ఇంటాయన లింబయ్యను ఠాణల ఏసి సావగొడ్తున్నరు. రేపు జైలుకు తోల్కపోతరట. మల్ల పానంతోని రాడు సారూ!"

మోస్రా దొర బాపురావు గగనవిహార వ్యసనపరుడు. దసరా నాడు ఆయన సొంత విమానం బోధన్ చెరకుతోటల మీద ఉండగా ఇంజను ఆగి, ఒక బీడులో దిగి చక్రం విరుచుకుంది. దొర చేయి విరుచుకున్నాడు. విమానానికి కాపలా ఉన్న లింబయ్య మూటలో బెల్లంగడ్డ దొరికింది. పెట్రోలులో బెల్లం కలిపాడనీ, ఇది హత్యాయత్నమనీ పోలీసు అమీను తేల్చేశాడు.

"దొరతోని పగ ఏమన్న ఉందా?" అడిగాడు ఆత్మారాం.

"వెట్టికి రానన్నడు, ఒక్కపారి. గంతే."

"ఆ పొద్దున విమానాన్ని ఇంకెవరు ముట్టిండ్రు?"

"దొర ఎవల్ని ముట్టనిస్తడు? పూజ సుత ఆయననే చేసిండు. గాలికి బొట్లు రాలద్దని కుంకుమ కింద మైనం పెట్టిండు."

ఆత్మారాం లేచి చెప్పులు తొడుక్కున్నాడు.

మరునాడు ఆయన కోరిక మీద దొరా, అమీనూ, అందరూ ఆ బీడులో విమానం దగ్గర చేరారు. బేడీలతో నిలబడిన లింబయ్యకు ఒక కన్ను తెరుచుకోవడం లేదు.

"అమీను సాబ్, టాంకు మూత తీస్తే ఏమైంది?"

"గట్టిగ పట్టేసింది. ఊడంగనే సుయ్యిమన్నది. మల్ల ఇంజను పెండ్లి గుర్రం లెక్క ఉరికింది."

"అమ్మవారి మహిమ!" అన్నాడు దొర.

"ఆ బెల్లంగడ్డ ఇస్తరా?"

"సర్కారు రుజువది! తాళంల ఉన్నది."

సిద్దిరాములు తెచ్చిన బెల్లాన్నే ఆత్మారాం గ్లాసెడు పెట్రోలులో వేసి కలియబెట్టాడు. అది రాయిలా అడుగునే ఉండిపోయింది. తర్వాత మూత మీది ఎర్రని బొట్టును చాకుతో ఎత్తాడు. కింద సూదిబెజ్జమంత రంధ్రం కనిపించింది.

"పెట్రోలు తగ్గినకొద్దీ గాలి ఇందులోంచే లోపలికి పోవాలె. ఇది మూసుకుంటే ఇంజనుకు పెట్రోలు అందదు. మూత తీయంగనే సుయ్యిమన్నది ఆ గాలే. దొరా, ఈ మైనంల ఎవరిదో బొటనవేలు అచ్చు పడ్డది. లింబయ్యను కచ్చేరికి పంపితే దీన్ని కూడా పంపుదామా?"

దొర తన బొటనవేలిని పరాయివాడి వేలులా చూసుకున్నాడు.

"వాన్ని ఇడిసిపెట్టుండ్రి."

సిద్దిరాములు గురువును అవతారపురుషుణ్ణి చూసినట్టు చూశాడు. తిరుపతమ్మ మొగని మణికట్లు నిమురుతూ తలెత్తింది.

"మా బెల్లంగడ్డ ఇయ్యుండ్రి సాబ్. పండుగకని తెచ్చుకున్నం."

అమీను తన ఠాణా జవాన్ల వైపు చూశాడు. జవాన్లు ఆకాశం వైపు చూశారు. పెట్రోలులో కరగని బెల్లం ఠాణాలో కాచిన చాయ్‌లో మొన్ననే కరిగిపోయింది.