ఒరోనా కోటగోడలో నిలవని రాయి

పూర్వం రోమక సామ్రాజ్యపు తూర్పు పొలిమేరలో, ఎడారి అంచున, ఒరోనా అనే కోటనగరం ఉండేది. దాని గోడ కథ ముక్కు మూసుకునే చెప్పాలి. వినేవాళ్ళు కూడా మూసుకుంటే మంచిది.

ఎండలు తగ్గగానే పారశీక సైన్యం దండెత్తి వస్తుందని వేగులు చెప్పారు. పాత గోడ శిథిలమైంది. కొత్త రాళ్ళు కొట్టించే వ్యవధి లేదు. దుర్గాధిపతి వరీనస్ ఊరి బయటి సమాధుల రాళ్ళు పెరికించి గోడలో పేర్పించాడు. జనం ఏడ్చారు. అయినా బిడ్డల ప్రాణాల కోసమే కదా అని ఊరుకున్నారు.

గోడ పూర్తయింది, పడమటి ద్వారం పక్కన ఒక్క కంత తప్ప. అందులో ఏ రాయి పెట్టినా తెల్లారేసరికి ఊడిపడేది. కంతలోంచి పచ్చగా, జిగటగా చీము కారేది. అది మట్టిలో ఇంకి బావులన్నీ చెడ్డాయి. చేద పైకి లాగితే కుళ్ళిన మాంసపు కంపు.

వరీనస్ మాత్రం కొండల నుంచి ఒంటెల మీద తెప్పించుకున్న నీళ్ళు తాగేవాడు. గోడ కంపు కొడుతోందంటే అతనికి కోపం. అందుకని కొలువులోవాళ్ళు ఆ బావినీళ్ళు గుటకలు వేసి, "గులాబీల వాసనొస్తున్నాయి ప్రభూ" అనేవాళ్ళు. తర్వాత గోడచాటుకు పోయి కక్కుకునేవాళ్ళు. నన్నడిగితే చీముకంటే వాళ్ళే అసహ్యం.

ఊళ్ళో నీళ్ళు మోసి బతికే అమత అనే పిల్లకు అవ్వ తప్ప ఎవరూ లేరు. ఆ నీళ్ళు తాగి అవ్వ మంచం పట్టింది.

"ఈ శాపం సంగతి రాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళనే అడగాలమ్మా. కానీ శ్మశానంలో భూతం కాపలా ఉంది. పోయినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. నువ్వు పోవద్దు" అంది అవ్వ.

"ఇక్కడుంటే మాత్రం నువ్వు బతుకుతావా అవ్వా?" అంది అమత.

అవ్వ దాచుకున్న వాననీటి తిత్తి తీసి చేతికిచ్చింది.

ముళ్ళపొదల అడవిలో ఒక దుమ్ములగొండి దారికి అడ్డంగా పడి ఉంది. దాని వీపు మీద పుండు, పుండు నిండా పురుగులు.

"నా పుండు కడిగితేనే దారిస్తాను. మొన్నొక పెద్దమనిషి నా పుండు తామరపువ్వులా ఉందని పొగిడి, కడగకుండా జారుకోబోయాడు. వాడి చెప్పులు ఆ పొదలో ఉన్నాయి చూడు" అంది.

"చూస్తేనే నాకు కడుపులో తిప్పుతోంది. అయినా కడుగుతాను. మూతి అటు తిప్పుకో" అంది అమత. మధ్యలో లేచి వెళ్ళి వాంతి చేసుకుని వచ్చింది. మళ్ళీ కూర్చుని పురుగులన్నీ ఏరి, తిత్తిలోని నీళ్ళతో పుండు శుభ్రంగా కడిగింది.

దుమ్ములగొండి ఆమెను వీపు మీద ఎక్కించుకుని శ్మశానం దగ్గర దింపింది. "నాతో మాట్లాడినట్టే దానితోనూ మాట్లాడు" అని చెప్పి వెళ్ళిపోయింది.

తవ్విపోసిన గుంటల మధ్య భూతం ఎముకలు నములుతోంది. దాని జుట్టునిండా గోడలో కారే చీమే.

"పిల్లా, నా దగ్గర ఏం వాసనొస్తోంది?"

"ఎండలో చచ్చిపడున్న ఒంటె వాసన" అంది అమత, ముక్కు మూసుకుని.

భూతం నమలడం ఆపింది. "ఇన్నాళ్ళకు ఒకరు నిజం చెప్పారు. నీకేం కావాలో అడుగు."

"మా అమ్మ రాయి కూడా ఆ గోడలోనే ఉంది. రాళ్ళు తీసినందుకు మామీద ఇంత కోపమా?"

"బిడ్డలను కాయడానికి రాయిస్తే ఏ తల్లికి కోపం? పంక్తిలో వలపక్షం చూపినందుకే మా కోపం. అటు చూడు."

అన్ని గుంటల నడుమ ఒక్క పాలరాతి సమాధి చెక్కుచెదరకుండా మెరుస్తోంది. అది వరీనస్ తండ్రిది. గోడలో కంత ఆ రాయి కోసమే ఉంది.

అమత ఊరికి తిరిగొచ్చి, బావినీళ్ళు ఒక గిన్నెలో పట్టుకుని, తిన్నగా కొలువుకు వెళ్ళింది. విన్నదంతా చెప్పింది.

వరీనస్ మండిపడ్డాడు. "మా తండ్రిగారు మహావీరులు. ఊళ్ళో అందరితో సమానమా? ఈ పిల్లను బంధించండి."

అమత గిన్నె ముందుకు చాపింది. "అలాగే కానివ్వండి దొరా. ముందు ఈ నీళ్ళు ఒక్క గుక్క తాగండి. గులాబీల వాసనేగా."

కొలువంతా అతని వంక చూసింది. తప్పక వరీనస్ గిన్నె నోటిదాకా తెచ్చాడు. పెదవికి తగలకముందే తన పట్టుబట్టల మీదే భళ్ళున కక్కుకున్నాడు.

ముసలి సైనికుడొకడు బల్లెం కింద పెట్టాడు. "కంపు కొడుతోంది. ఇన్నాళ్ళూ కొడుతూనే ఉంది. మా అమ్మ రాయీ ఆ గోడలోనే ఉంది" అని బయటికి నడిచాడు. మిగతా సైనికులు అతని వెంట వెళ్ళారు.

వాళ్ళు శ్మశానం నుంచి పెరికి తెచ్చిన పాలరాయి కంతలో సరిగ్గా ఇమిడింది. తెల్లారినా కదల్లేదు. చీము ఎండిపోయింది. బావులు తేటపడ్డాయి. అవ్వ లేచి కూర్చుని ఇంకో గిన్నెడు నీళ్ళడిగింది. పారశీకులు వచ్చి, ఎంత పొడిచినా ఆ గోడలో ఒక్క రాయి కదపలేక తిరిగిపోయారు. వరీనస్ ఒంటెలతో సహా ఎటో పోయాడు. ఎవరూ వెతకలేదు.

జనం అమతను నగరానికి ఏలికను చేశారు. ఆమె చేసిన మొదటి కట్టడి ఇది: ఒరోనాను ఏలేవాళ్ళు రోజూ అందరి ముందు ఊరి బావినీళ్ళే తాగాలి. అది విన్నాక చాలామంది పెద్దమనుషులకు నగరం ఏలాలన్న కోరిక చచ్చిపోయింది.