గోడకి ఇవతలి మనిషి

ఇంట్లో ఇంకా కుడికాలు పెట్టనే లేదు, భుజంగరావుకి పక్కింటి తిట్లు మొదలయ్యాయి.

“వొచ్చినావా సెట్టు నరికినోడా! రా, రా! నీ మొకం సూద్దారనే పొద్దుట్నించీ అరుగు మీద కూకున్నాను,” అంది పైడమ్మ. ఆమె ఆయన్ని నేరుగా చూడటం అదే మొదలు.

“ఏ చెట్టమ్మా?” అన్నాడు భుజంగరావు, గేటు పట్టుకుని.

“అదిగో, నా పనస. కొమ్మ మీ గోడ మీదికొచ్చిందని, నాను ఊల్లో లేనప్పుడు సూసి మొదలంటా నరికించీసినావు. అడిగితే, ‘ముసలిదానివి, నీకెందుకు కాయలు’ అన్నావు.”

పనసచెట్టు ఆమె వెనకాల నిక్షేపంగా ఉంది. కాయలు కూడా ఉన్నాయి. ఆమె చెప్పేది నాలుగేళ్ళ తరవాత జరగబోయే సంగతి.

ముందుకాపురం అనే పద్ధతి వచ్చాక లోకం ఇలా తయారైంది. యాభై నిండగానే ఉద్యోగం నుంచి విరమణ, విరమించిన ప్రతి మనిషికీ ఒక ఇంటి హక్కు, భార్యాభర్తలైతే ఇద్దరి హక్కులూ కలిపి ఒకే ఇల్లు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఇల్లు మారిన ప్రతివాడూ పక్కవాడితో గోడ గురించో నీళ్ళ గురించో కోర్టుకెక్కుతున్నాడని కాపురదర్శిని అనే యంత్రాన్ని కనిపెట్టారు. పాత క్వార్టర్స్ గోడల్లో ఉండే వినికిడి బిళ్ళల నుంచి అది మనిషి తీరంతా తోడుకుంటుంది. ఆ మనిషిని కొత్త ఇంట్లో పెట్టి, రాబోయే ఇరవై ఏళ్ళ కాపురం తనలో తానే నడిపి చూస్తుంది. అందులో పొరుగువాళ్ళకి తగిలే ఘట్టాలన్నీ పొరుగుపాలు పేరిట వాళ్ళకి చూపిస్తుంది. చూసి, వాళ్ళు సమ్మతి ముద్ర వేస్తేనే ఇల్లు. కోర్టులు ఖాళీ అయ్యాయి. తగాదాలు మాత్రం ఏళ్ళకి ఏళ్ళు ముందుకి జరిగాయి.

భుజంగరావుని ఇప్పటికి అయిదు ఊళ్ళు వద్దన్నాయి. బొబ్బిలిలో ఒక పెద్దాయన, “మా మనవడి చెవి మెలేసింది మీరే కదూ?” అని తలుపు వేసుకున్నాడు. ఆ మనవడింకా పుట్టలేదు. శృంగవరపుకోట దాటాక కొండ కింద కట్టిన ఈ కాలనీ ఆరోది. ఇదీ కాదంటే నెలాఖరుకి ఓడరేవు క్వార్టర్స్ ఖాళీ చేసి రోడ్డున పడాల్సిందే.

“ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! చెయ్యని పనికి నేను పడటమేమిటి?” అని భుజంగరావు అరిచాడు.

“అరుస్తున్నావా? ఇలాగే అరిసినావు అప్పుడూను!”

ఆయన భార్య ఇందుమతి ఓ అడుగు వెనకాల, రెండు సంచులూ మోసుకుంటూ నిలబడి ఉంది. అదే ఓడరేవులో పాతికేళ్ళు ఓడలకి దారి చెప్పి విరమించిన మనిషి. ఇంట్లో మాత్రం ఎవరికీ ఏమీ చెప్పేది కాదు. “నోరు మంచిదైతే ఊరు మంచిది. ఒక్కమాట తప్పయిందనండి, పోతుంది,” అంది మెల్లగా.

“నువ్వు నోర్ముయ్!” అన్నాడు భుజంగరావు. అని, క్వార్టర్స్ గుర్తొచ్చి కాబోలు, పళ్ళ బిగువున పైడమ్మ వైపు తిరిగాడు. “సరే. తప్పయింది. నరకను. చాలా?”

పైడమ్మ ప్రసూతి ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. ఎవరి నొప్పి నిజమో ఎవరిది నటనో ఇట్టే పట్టేస్తుంది. ఆయన్ని ఎగాదిగా చూసి ముఖం తిప్పుకుంది.

“నీ తప్పూ వొద్దు, నీ ఒప్పూ వొద్దు. ఆ అమ్మ మొకం సూసి ముద్రేస్తాను. పాపం, ఎక్కడికెల్తాది.”

“నన్నెప్పుడు చూశారండీ?” అంది ఇందుమతి.

“సూసిందేటి తల్లీ, పొరుగుపాలులో ఇన్నాను. నా మంచం ఆ గోడ పక్కనే. ఇతగాడి కేకలు రోజూ ఇనపడతాయి. కూరలో ఉప్పంటాడు, ఫోనెవరంటాడు. నీ గొంతు మొదట్లో ఇనబడేది. మూడో ఏడు నుంచి అదీ లేదు. సచ్చిపోనావేమో అనుకున్నాను. తీరా సూస్తే పెరట్లో బట్టలారేస్తన్నావు.”

ఇందుమతి సంచులు కింద పెట్టింది. గేటు కమ్మికి బిగించిన కాపురదర్శిని పలక దగ్గరికి వెళ్ళింది.

“నా పాలు చూపించు.”

“ఒకే కప్పు కింద ఉండేవారికి పొరుగుపాలు వర్తించదు,” అంది యంత్రం, ఎంతో మర్యాదగా.

“నా సమ్మతి ఎప్పుడు తీసుకున్నావు?”

“దరఖాస్తుదారుని భార్య కనుక మీరు సమ్మతించినట్టే.”

ఇందుమతికి ఒళ్ళు మండిపోయింది. “బాగుంది! గోడకి అవతల పడుకునే మనిషిని బతిమాలి అడిగారు. ఇవతల, ఆయన పక్కన పడుకునేదాన్ని నన్నొక్కళ్ళూ అడగలేదు. అడిగితే మొదటి ఊళ్ళోనే చెప్పేదాన్నిగా, నాకొద్దని! నా హక్కు విడదియ్యి. ఈ ఇంట్లో నన్నొక్కదాన్నే పెట్టి ఆవిడకి చూపించు.”

“ఇందూ! పిచ్చెక్కిందా?” భుజంగరావు గొంతు మొదటిసారి తడబడింది. “ఎప్పుడో జరుగుతాయో లేదో తెలియని వాటికి నన్నొదిలేస్తావా?”

“జరుగుతాయో లేదోనా? ఆ యంత్రానికి ఇవన్నీ ఎక్కణ్ణించి వచ్చాయనుకున్నారు? మన ఇంట్లోంచే.”

పలక మీద చిన్న వెలుగు తిరిగింది. పైడమ్మకి కొత్త పొరుగుపాలు వచ్చింది. ఆవిడ పూర్తిగా చూడను కూడా లేదు, బొటనవేలు నొక్కేసింది. తాళం దానంతటదే తెరుచుకుంది.

“నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. నేనెక్కడికి పోను?” అన్నాడు భుజంగరావు.

“పొరుగువాళ్ళెవరైనా ఒప్పుకునే చోటికి,” అంది ఇందుమతి. తన సంచీ ఒక్కటే తీసుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది.

“మీ ఒక్కరికీ ఇల్లు వెతకమంటారా?” అని యంత్రం భుజంగరావుని అడిగింది. ఆయన దాన్నీ, దాని తాతనీ, పైడమ్మనీ, పెళ్ళాన్నీ కలిపి గొంతు చించుకుని తిట్టడం మొదలుపెట్టాడు.

ఇందుమతి ఖాళీ గది మధ్యలో నిలబడి వింది. ఆ అరుపు గోడకి అవతల నుంచి వినబడటం ఆమె సంసారంలో ఇదే మొదటిసారి.