మంజుల పేరున్న బొమ్మ

"నా వల్ల ఒక మనిషి సచ్చేదుండె సార్," అంది ఆ అమ్మాయి. ఆదిశేషు కుర్చీ చూపించినా కూర్చోలేదు.

ఒకప్పుడు రాజమండ్రిలో సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌గా చేసిన ఆదిశేషు ఇప్పుడు దుబాయ్‌లోని ఇంటర్నేషనల్ సిటీలో ఒక గది తీసుకుని ప్రైవేటు విచారణలు చేస్తున్నాడు. అతని సహాయకురాలు రజియా బేగం మంచినీళ్ళ గ్లాసు ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"కూసో చెల్లె. మా సార్ ముంగట నిలవడి ఒప్పుకున్నోళ్ళెవ్వరూ అసలు దొంగలు కాలేదు."

ఆమె పేరు మంజుల. ఊరు జగిత్యాల దగ్గర, కాపురం అజ్మాన్‌లో. దుబాయ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టర్. ఆ ఆఫీసు నిర్మాణ కూలీల కోసం ఒక యాప్ తయారుచేసింది. డ్యూటీ వేళలు, బస్సు వివరాలు, అడుగున 'సాయం కావాలి' అని ఒక ఎర్ర బటన్. మొన్న జూన్‌లో సైటు మీద భూమేశ్ అనే మేస్త్రీకి ఎండకు కళ్ళు తిరిగాయి. ఫోన్ తీసి చూస్తే తెలుగు పేజీలో బటన్ లేదు. వెతుకుతూనే పడిపోయాడు. తోటివాళ్ళు చూసేసరికి ఆలస్యమై, చాలా రోజులు ఆస్పత్రిలో ఉన్నాడు.

"దానికి నువ్వేం చేశావమ్మా?"

"మా పని గిట్లుంటది సార్. ఒక్కో పేజీ ఎట్లుండాల్నో ఒక బొమ్మ దాచిపెడతం. యాప్ మారినప్పుడల్లా మిషన్ కొత్త బొమ్మ తీసి పాతదాని పక్కన పెట్టి చూస్తది. తేడా ఉంటే ఎర్రగ చూపెడతది. మనం కావాలని చేసిన మార్పే అయితే ఓకే కొడతం. అప్పటిసంది కొత్తదే అసలు బొమ్మ."

"బటన్ లేని బొమ్మకు ఓకే కొట్టిందెవరు?"

"నా పేరున్నది."

"కొట్టావా?"

మంజుల గ్లాసులోకి చూసింది. "యాదికి లేదు సార్. వందల బొమ్మలొస్తయి. గడియారం మారిందని, అక్షరం జరిగిందని సగం ఊకెనే ఎర్రగైతయి. యాష్టకొచ్చి చూడకుండనే కొట్టిన దినాలున్నయి. గిదీ కొట్టిన్నేమో. రేపు తీసేస్తరంట, వీసా క్యాన్సల్. పోతే పోనీ. నేను చేసిన్నా లేదా, గదొక్కటి చెప్పుండ్రి. నిద్ర వడ్తలేదు."

ఆ మధ్యాహ్నమే ముగ్గురూ ఆఫీసుకు వెళ్ళారు. మేనేజర్ నూర్ మొహమ్మద్ కరీంనగర్ మనిషి. అరబ్బీలో మేనేజర్ అని, అందరూ ముదీర్ అంటారు.

"కంప్యూటర్‌ల ఆమె పేరే ఉన్నది సాబ్. ఖలాస్. ఇంక విచారణేంది?"

"ఒక్కరోజు గడువివ్వండి," అన్నాడు ఆదిశేషు, టీమ్ లీడర్ దేవేందర్ వైపు తిరుగుతూ. మంజులకు ఈ కొలువు పెట్టించింది అతనే. అందరి బల్లల మీదా ఆఫీసు ఇచ్చిన నల్ల లాప్‌టాప్‌లే, దేవేందర్‌ది మాత్రం వెండిరంగుది. దాన్నే తిప్పి యాప్ చూపించాడు.

"బటన్ ఎలా మాయమైంది?"

"అక్షరాలు చిన్నగున్నయని పనోళ్ళు అడిగితే పెద్దగ చేసినం సార్. కిందున్న బటన్ స్క్రీన్ దాటిపోయింది. భూమేశ్ పడ్డంకనే ఎరకైంది."

"మంజుల పాస్‌వర్డ్ ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవలది వాళ్ళకే తెలుస్తది." దేవేందర్ నవ్వాడు. మంజుల నేలచూపులు చూసింది.

"మీ దాంట్లో అక్షరాలు భలే నున్నగా ఉన్నాయండీ. నాబోటి ముసలివాడి కళ్ళకు హాయి."

"నా సొంతది సార్. ఆఫీసు డబ్బాలు నాకు పడయి."

లేచి వస్తూ ఆదిశేషు మంజులను అడిగాడు. "ఈ బొమ్మలు ఎవరి లాప్‌టాప్‌లో తీస్తారు?"

"ఎవ్వలదాంట్ల తీయొద్దు సార్. ఒక్కో కంప్యూటర్ అక్షరాన్ని ఒక్కో తీరుగ గీస్తది. గందుకే ఆఫీసుల ఒక మిషన్ పెట్టిండ్రు. గదే తీయాలె."

పాత బొమ్మ, దాని స్థానంలోకి వచ్చిన కొత్త బొమ్మ పెద్దవిగా ప్రింటు తీయించి గదికి తెచ్చుకున్నారు.

"అక్షరాలు పెద్దగైనయి, బటన్ పోయింది. గంతే కదా సార్?" అంది రజియా.

"బటన్ సంగతి వదిలెయ్. తలకట్లు చూడు." భూతద్దం అందించాడు.

రజియా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి వంగింది. కాసేపటికి, "యా అల్లా!" అని భూతద్దం కింద పెట్టేసింది. "మీ కండ్లా, గద్ద కండ్లా సార్?"

"భూమేశ్‌ను కూడా రేపు రమ్మను."

మర్నాడు పొద్దున ఆదిశేషు ఆఫీసులోని లాప్‌టాప్‌లన్నిటిలో ఆ పేజీని బొమ్మ తీయించి, అందరినీ మీటింగ్ గదిలో కూర్చోబెట్టాడు. భూమేశ్ గోడ పక్కన కూర్చున్నాడు. మంజుల అతనివైపు చూడలేకపోయింది.

"ఆఫీసు మిషన్ గీసిన తలకట్టు అంచు మెట్లుమెట్లుగా ఉంటుంది. నల్ల లాప్‌టాప్‌లలోనూ అంతే. బటన్ లేని ఈ ఒక్క బొమ్మలో అంచు నున్నగా ఉంది. ఓకే నొక్కితే మిషన్ తీసిన బొమ్మే అసలు బొమ్మ అవుతుంది, అంచులు మారవు. కాబట్టి దీనికి ఎవరూ ఓకే కొట్టలేదు. వేరే కంప్యూటర్‌లో తీసి, మంజుల పేరుతో లోపల పెట్టారు. నున్నగా గీసేది ఈ ఆఫీసులో ఒక్కటే."

అందరి చూపులూ వెండిరంగు లాప్‌టాప్ మీదికి వెళ్ళాయి.

"అంచులు కలవకపోతే మిషన్ రోజూ గోల పెట్టాలి. పెట్టలేదు. ఈ ఒక్క పేజీలో చిన్న తేడాలు వదిలెయ్యమని ఎవరో దానికి చెప్పి ఉంచారు. ఆ అనుమతి ఎవరిది ముదీర్ గారూ?"

"లీడర్‌ది," అన్నాడు నూర్ మొహమ్మద్ మెల్లగా.

"పాస్‌వర్డ్ ఆమెదే కదా!" దేవేందర్ లేచాడు.

"ఇప్పుడు చెప్పమ్మా."

మంజుల దేవేందర్ వైపు తిరిగింది. "అన్నకు నేనే ఇచ్చిన. శుక్రవారం అజ్మాన్ పోయే కారు అందుకోవాల్నని ముందే లేస్తే, నా పని అన్న సగవెట్టెటోడు. కొలువు పెట్టించినోడు అడిగితే లేదంటనా? ఇయ్యాల పేరు చెప్తే తిన్నింటి వాసాలు లెక్కవెట్టినట్టైతదని నోరు మూసుకున్న."

దేవేందర్ కూలబడ్డాడు. "శుక్రవారం సార్. అందరు జుమ్మా నమాజుకు పోయిండ్రు. యాప్ ఆ పొద్దే ఇయ్యాలె. మిషన్ ఎర్రగ చూపెట్టింది. ఓకే కొడ్దమంటే గా పేజీ తెరుసుకోలె. ముదీర్ ఏమో యల్లా యల్లా, జల్ది కానీ అని ఒకటే ఫోన్. నా దాంట్లనే బొమ్మ తీసి పెట్టేసిన. నా పేరుంటే అడుగుతరని చెల్లె పేరుతోని. సోమవారం బటన్ సరిచేద్దమనుకున్న. సోమవారం ఇంకో పని వడ్డది."

నూర్ మొహమ్మద్ అద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. "నడువు దేవేందర్. సైటు కంపెనీకి ఇద్దరం పోయి చెప్పాలె. ఫోన్ చేసింది నేనే కద."

వాళ్ళు వెళ్ళాక రజియా మంజుల భుజం పట్టుకుని ఊపింది. "నువ్వు కాదు చెల్లె! విన్నవా?"

"గిదొక్కటి నేను కాదక్కా," అంది మంజుల. "చూడకుండ కొట్టినవి మస్తున్నయి."

సరిచేసిన పేజీ ఫోనులో తెరిచి, భూమేశ్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "అన్నా, బటన్ ఏది? నువ్వే చూపెట్టు. నువ్వు చూసినంకనే నేను ఓకే కొడత."

భూమేశ్ కళ్ళు చికిలించి పైనుంచి కిందికి వెతికాడు. మొద్దుబారిన వేలు ఎర్ర బటన్ మీద ఆగింది.

"గిది కద," అన్నాడు. "ఆనాడు గీడనే ఎంతగనం దేవులాడిన చెల్లె."

మంజుల తల ఎత్తలేదు. ఆదిశేషు రజియాకు సైగ చేసి బయటికి నడిచి, చప్పుడు చేయకుండా తలుపు దగ్గరికి వేశాడు.