కాయ లేని పువ్వులు

"ఇదిగో, నాలుగే పూసాయి. పట్టుకెళ్లి అత్తకియ్యి. మంచులో ఏటలా నిలబడిపోయావు?"

గోడ అవతలి నుంచి అరుణశ్రీ రోజూ పొద్దున్నే ఇలాగే కసురుతుంది. నేనూ రోజూ వెళ్లి కసిరించుకుంటాను. శృంగవరపుకోటలో మా రెండిళ్ల పెరళ్ల మధ్య ఉన్నది నడుమెత్తు గోడే. వరసకి ఆమె నాకు మరదలు. వరసైతే ఉంది, ధైర్యమే లేదు.

ఆమె పెంచుతున్నవి రెండే జుకినీ మొక్కలు, కీరదోసలాంటి కాయ కాసే విదేశీ రకం. విత్తనాలు ఫోన్లో చూసి కొరియర్‌లో తెప్పించుకుంది. పాకకుండా పొదలా కూర్చుని, అచ్చం గుమ్మడి పువ్వుల్లాంటివే పూస్తాయి. మా వైపు గుమ్మడి పువ్వుల్ని పిండిలో ముంచి వేయించుకుంటాం. వెనక పిందె ఉన్నదాన్ని ముట్టుకోం. పిందె లేనివే కోస్తాం. ఆమె కోసేది, నేను తెచ్చేవాడిని, మా అమ్మ జగ్గమ్మ వేయించేది.

మొక్కల మీది పిందెలు మాత్రం వేలెడు కాకుండానే పసుపెక్కి రాలిపోయేవి.

బుధవారం వాళ్ల నాన్న నరసింగరావు మావ తేల్చేశాడు. "ఆదివారంలోగా ఒక్క కాయ నిలబెట్టు. పొలంలో పది సెంట్లు నీకిచ్చేస్తాను, నచ్చింది ఏసుకో. లేదంటే ఇవి పీకేసి బెండ ఏస్తాను. మళ్లీ సాగు మాటెత్తకు."

ఎప్పుడూ మాటకి మాట చెప్పే అరుణశ్రీ తలొంచుకుంది. నాకు ప్రాణం ఉసూరుమంది.

నా సెల్ రిపేరు షాపులో కూర్చుని ఫోన్లో వెతికితే అసలు సంగతి బయటపడింది. పిందె లేనివి మగపువ్వులు. వాటి పుప్పొడి తగిలితేనే పిందె నిలుస్తుంది. గుమ్మడి పాదుకి బోలెడు పూస్తాయి, ఎన్ని కోసినా కొన్ని మిగుల్తాయి. రెండే మొక్కల మీద పూసినవన్నీ మేమే తినేశాం! ఛీ, నా బతుకు.

చెబితే రేపటి నుంచి పువ్వులుండవు. పువ్వుల్లేకపోతే గోడ దగ్గర నాకేం పని? చెప్పకపోతే ఆమె పొలం పోతుంది. సాయంత్రం టీ కూడా సయించలేదు.

గురువారం ఆమె నా చేతిలో పువ్వు పెట్టగానే, అంతా చెప్పేశాను. "మనం కోసేస్తన్నామనే కాయ నిలబడ్డం లేదు అరుణా."

"తెలుసు."

"ఏటి తెలుసు?"

"వారమైంది. ఫోను నీకొక్కడికే ఉన్నాదేటి?"

"మరెందుకు కోసిచ్చావు? పది సెంట్లు పోవా?"

ఆమె మొదటిసారి కసరలేదు. "ఇవ్వడం మానేస్తే నువ్వు రావని."

సిగ్గేసింది. అంతకు పదింతలు సంతోషమేసింది. గోడ దూకేశాను.

"పువ్వియ్యకపోయినా వస్తాను. తిట్టినా వస్తాను. నువ్వంటే నాకిష్టం అరుణా."

"ఇప్పుడా సెప్పడం? ముందా పువ్వు వాడిపోకముందే ఇలాగియ్యి."

ఆ మగపువ్వు రేకులు తుంచేసి, విచ్చుకున్న ఆడపువ్వు నడుమ దాన్ని మెల్లగా అద్దింది. ఆ వేళ్లు పట్టుకున్నాను.

మిగతా మూడు రోజులూ ఇద్దరం ఆ ఒక్క పిందెకే కాపలా.

ఆదివారానికి అది నా అరచెయ్యంత అయింది, ఆకుపచ్చగా, గట్టిగా. మావ వంగి తడిమి చూశాడు. "పది సెంట్లు నీవే. రేపే దున్నించుకో."

తర్వాత నా వైపు తిరిగాడు. "యుగంధర్, సాయంత్రం మీ అమ్మని తీసుకునిరా. మాటాడాల."

"దేనికి మావా?" అన్నాను, నా మొహం మండ.

అరుణశ్రీ గట్టిగా నా కాలు తొక్కింది.

"తీసుకొస్తాను మావా," అన్నాను.