తిప్పన్న వాకిటికి వేపమండలు

తిప్పన్నకు మనుషుల మీద నమ్మకం తక్కువ. హిందూపురం బెల్లం మండీ వీధిలో ఒళ్ళు పట్టి బతికేవాడికి అది పెద్ద లోపం కాదు. మాలీషు చేయించుకునేవాడు ఎన్ని అబద్ధాలాడతాడో పట్టేవాడికే తెలుసు. తాగి పడినవాడు బండి మీదినుంచి పడ్డానంటాడు. పెళ్ళాం చెంబు విసిరిన వీపును చూపించి గడప తగిలిందంటాడు.

కానీ ఆ యేడు, అంటే పంతొమ్మిదివందల అరవైలో, ఉత్తర కార్తె వానల నాటికి తిప్పన్న తానే ఒక అబద్ధం మోస్తున్నాడు. అతని కుడి మణికట్టు పోతోంది. పొద్దున లేస్తే బొటనవేలు మొండికేస్తుంది. చెంబు ఎత్తితే మోచేతి దాకా సూదులు గుచ్చినట్టుంటుంది. మణికట్టుకు పసుపుగుడ్డ బిగించి చుట్టి, అడిగినవాళ్ళకు కదిరి నరసింహస్వామి మొక్కు అని చెప్పేవాడు. ఒళ్ళు పట్టేవాడికే చెయ్యి నొప్పి అని తెలిస్తే ఇంకెవరు పిలుస్తారు? ఇంట్లో అతనూ, అవ్వ సిద్దమ్మా ఇద్దరే. ఆ చెయ్యి తప్ప వేరే ఆధారం లేదు.

ఆ అబద్ధాన్ని ఒక్క చూపుతో పట్టుకున్నది నీలావతి.

ఆ రోజు మండీ యజమాని చెన్నకేశవులు ఇంటి వసారాలో తిప్పన్న అతని నడుము పడుతున్నాడు. లోపల ఆయన కూతురు బాలింత. ఆమెకు నూనె రాసి నీళ్ళు పోయడానికి పెనుకొండ పిల్ల ఎవరో రోజూ తెల్లవారుజాము రైలుకు వస్తోందని విన్నాడు గానీ చూడలేదు. చీరకుచ్చెళ్ళు ఎత్తి దోపుకుని, చేతిలో ఆముదం గిన్నెతో ఆ పిల్ల బయటికొచ్చింది. రెండు క్షణాలు నిలబడి చూసింది.

"ఏమబ్బా, వీపు పడతాండావా, బెల్లం దిమ్మె పగలగొడతాండావా?"

"నీ పని నువ్వు చూసుకోమ్మే."

"నా పని అయిపోయింది. బాలింతా నిద్రపోయింది, బిడ్డా నిద్రపోయింది. నువ్వు పట్టే ఆయన మాత్రం మేలుకొని మూలుగుతాండాడు."

బోర్లా పడుకున్న చెన్నకేశవులు నవ్వాడు. "కరెక్టుగా చెప్పింది రా తిప్పన్నా!"

తిప్పన్న పళ్ళు బిగించి ఇంకా గట్టిగా నొక్కాడు. బొటనవేలి మొదట్లో ఏదో తెగినట్టయింది. ముఖం మాత్రం కదల్చలేదు.

నీలావతి నవ్వు ఆగిపోయింది. దగ్గరికొచ్చి గిన్నె కింద పెడుతున్నట్టు వంగి, అతనికి మాత్రమే వినపడేలా అడిగింది. "ఆ గుడ్డేంది?"

"మొక్కు. కదిరి సామికి."

"బొటనవేలు కదలకుండా కట్టమన్నాడా సామి?"

అతని కళ్ళలోకి సూటిగా చూసి వెళ్ళిపోయింది. అదే చూపు ఇంకొకడి మీద పడి ఉంటే వారం రోజులు అన్నం సయించేది కాదు. తిప్పన్నకు మాత్రం పోలీసువాడు సోదా చేసిన చూపులా అనిపించింది.

అప్పటినుంచి ఎక్కడ చూసినా ఆమే. కొళాయి దగ్గర, సంతలో, హమాలీ సుంకన్న ఇంటి ముందు. బాలింతలున్న ఇండ్లకు ఆమె పోతుంది, నడుములు పట్టుకున్న ఇండ్లకు అతను పోతాడు. ఒకే ఇంట్లో రెండూ ఉంటాయి. ఆ మాట తిప్పన్నకు తోచలేదు. తన వెంట పడి ఆరా తీస్తోందనుకున్నాడు.

ఒక సాయంత్రం వాన ముంచుకొచ్చింది. సోడా అంగడి రేకుల కిందికి పరుగెత్తాడు. అక్కడ ఆమె ముందే ఉంది. జడ చివరినుంచి నీళ్ళు కారుతున్నాయి. తిప్పన్న అటు చూడకుండా వాననే చూశాడు. వాన కూడా ఆమెవైపే వాలి కురుస్తోంది.

"ఎన్నాళ్ళనుండి నొప్పి?" అంది.

"నొప్పేంది? నాకేం నొప్పి లేదు."

"సరే, లేదు. లేని నొప్పికి ఒక మాట చెప్తా, విను. నువ్వు వేలితో తోస్తాండావు. వేలెంతని మోస్తుంది?" పక్కన చింతపండు బస్తా ఉంది. ఆమె దానిమీద ముంజెయ్యి ఆనించి నెమ్మదిగా ముందుకు వాలింది. బస్తా సొట్టపడింది. "చూడు. మణికట్టు వంచగాకు. ఇట్ల నిటారుగా పెట్టి ఒంటి బరువు వాల్చు. వేలు నొక్కాల్సినచోట మోచెయ్యి పెట్టు. మంచం పక్కన గొంతుక్కూచొని పడతావు చూడు, అది చేతికి విషం. మోకాళ్ళ మీద లెయ్యి. ఒకరి మీదినుంచి ఇంకొకరి మీదికి దూకగాకు, నడుమ చేతికి ఊపిరి తీసుకోనీ. ఇప్పుడైతే అసలు పట్టనే గాకు. నొప్పి పోయేదాకా కొన్ని దినాలు నిలిపెయ్యి."

"ఓహో!" తిప్పన్నకు అంతా అర్థమైపోయింది. అర్థమైందనుకున్నాడు. "నేను నిలిపితే నా ఇండ్లన్నీ నువ్వు పట్టుకుందామని."

"నేను బాలింతలకు చేసేదాన్ని. చెన్నకేశవులప్ప బిడ్డను కన్నప్పుడు చూసుకుందాంలే."

"ఊరికే నేర్పేవాళ్ళు ఈ ఊర్లో యాడుండారు? నీకేం లాభం?"

ఆమె ఏదో చెప్పబోయి ఆగింది. ముక్కు మీది వాన చుక్కను మునివేలితో తుడుచుకుంది. "నీ మొహం చూసినాక లాభమేమీ కనపడలా," అని వానలోకి దిగి నడిచింది.

వీధి మలుపు దాకా తిప్పన్న చూస్తూనే ఉన్నాడు. ఎవరి ఇంటికి పోతోందో కనిపెట్టడానికేనని తనకు తాను చెప్పుకున్నాడు.

ఆ తర్వాత సోమవారం అవ్వ అతన్ని లేపలేదు. కళ్ళు తెరిచేసరికి ఎండ నడింట్లోకొచ్చింది. గబగబా ముఖం కడుక్కుని బయటికొస్తే పాలమనిషి కుళ్ళాయమ్మ చెంబును అల్లంత దూరంలోనే పెట్టి పరుగెత్తింది. టీ అంగడి దగ్గరికి పోతే రంగప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆడనే నిలబడప్పా! దగ్గరికి రావొద్దు. నీకు పుణ్యముంటాది."

"ఏమైంది రంగప్పా?"

"నన్నడుగుతావే? నీ వాకిలి చూసుకోపో."

తిప్పన్న వెనక్కి పరుగెత్తాడు. గుమ్మానికి రెండు పక్కలా పచ్చటి వేపమండలు వేలాడుతున్నాయి. అమ్మవారు పోసిన ఇంటికి కట్టే గుర్తు. ఆ ఇంటికి పరాయివాళ్ళు రారు. ఆ మనిషిని తాకరు. ఇంట్లో తిరగమాత వెయ్యరు, నూనె ముట్టరు. నూనె ముట్టనివాడు మాలీషు ఎట్లా చేస్తాడు?

మండలు పీకి పారేశాడు. మళ్ళీ రంగప్ప దగ్గరికి పోయి చొక్కా విప్పి చూపించాడు. "చూడప్పా! ఒక్క పొక్కైనా ఉండాదా? అయినా వానల్లో అమ్మవారేంది?"

"అమ్మకు కాలమేంది? చొక్కా వేసుకో, గాలి తగులుతాది," అన్నాడు రంగప్ప, ఇంకో రెండడుగులు వెనక్కి వేసి.

చెన్నకేశవులు తలుపు సందులోంచే దండం పెట్టాడు. సుంకన్న అతన్ని చూసి సందు మార్చాడు. తిప్పన్నకు ఇంక అనుమానం లేదు. ఇది ఆ పెనుకొండదాని పనే. చెయ్యి సంగతి బయటపెడితే తను కాదనవచ్చు. అమ్మవారిని కాదనడం ఎవరి తరం?

మర్నాడు గుమ్మానికి మళ్ళీ మండలున్నాయి. పీకాడు. ఆ మర్నాడు తెల్లవారకముందే లేచి తలుపు వెనక నిలబడ్డాడు. బయట గాజుల చప్పుడైంది. తలుపు ఒక్క పెట్టున తెరిచాడు.

నీలావతి పీట మీద మునివేళ్ళతో నిలబడి మండలు కడుతోంది. పీట కదలకుండా పట్టుకుని కూర్చున్నది అతని అవ్వ సిద్దమ్మ.

తిప్పన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"అవ్వా! నువ్వు కూడానా?"

"గట్టిగా అరచగాకురా, పీట జారుతాది," అంది అవ్వ.

"నా కూడు పడగొడతాండారు ఇద్దరూ! అమ్మవారి పేరు చెప్పి అబద్ధమాడితే కండ్లు పోతాయే!"

"నువ్వు కదిరి సామి పేరు చెప్పలే?" అవ్వ లేచి నిలబడింది. "చెయ్యి పట్టుకొని మూలుగుతాంటే నేను వినలేదనుకుంటివా? కొళాయి కాడ ఈ పిల్ల అడిగింది, మీవోడి చెయ్యి ఎట్లుండాదని. ఏడ్చుకుంటా చెప్పినా. చెప్తే వినే మనిషి కాదు గదా నువ్వు. ఒళ్ళు పట్టించుకునేవాళ్ళే నిన్ను రానీకుంటే చెయ్యి నిలుస్తాదని ఈ ఉపాయం చెప్పింది. అమ్మకు నేను క్షమాపణ మొక్కుకున్నా. నీ సంగతి నువ్వు కదిరికి పోయి చెప్పుకో."

తిప్పన్న నీలావతివైపు తిరిగాడు. "నేను లేని ఈ రెండు దినాలూ చెన్నకేశవులప్పకు ఎవురు పట్టినారు?"

"ఎవురూ లేరు. నడుము పట్టుకొని నిన్నే తలుచుకుంటాండాడు."

ఆ మాట తిప్పన్నకు చల్లగానే తగిలింది. పైకి చూపించలేదు. "నీకెందుకే నా చెయ్యి?"

ఆమె పీట దిగింది. ఎప్పుడూ తడుముకోని మనిషి, ఈసారి నేల చూసింది. "పొద్దున రైలుబండికి పెనుకొండకు రా. చూపిస్తా. నోటితో చెప్తే నువ్వు నమ్మవు."

తిప్పన్న నమ్మలేదు. పెనుకొండలో నీలావతి నాయన ఓబులేసు కుస్తీ గరిడీ మనిషని విన్నాడు. నలుగురు పహిల్వాన్లను పెట్టి తన్నిస్తుందేమో అనుకున్నాడు. అయినా పోయాడు. ఎందుకు పోయాడో దారి పొడుగునా ఆలోచించి, కారణం దొరక్క రైలు కిటికీలోంచి వాన చూశాడు. ఎదురుగా కూర్చున్న నీలావతి కూడా వానే చూసింది. ఇద్దరి చూపులూ ఒకటి రెండు సార్లు ఆ కిటికీ దగ్గరే గుద్దుకున్నాయి.

"ఏం చూస్తాండావు?" అంది.

"నువ్వేం చూస్తాండావో అని."

కొండ కింద చిన్న ఇల్లు. అరుగు మీద కూర్చున్న ఓబులేసు భుజాలు ఇంకా గుమ్మం పట్టనంత ఉన్నాయి. చేతులు మాత్రం ఒళ్ళో పడేసిన కొయ్యల్లా ఉన్నాయి. వేళ్ళు వంకర తిరిగి, మూసుకోవు, తెరుచుకోవు.

"ముప్పై యేండ్లు పహిల్వాన్లకు మాలీషు చేసినా," అన్నాడు ఓబులేసు. "నొప్పంటే పరువు తక్కువని గుడ్డ బిగించి పట్టినా. ఇది చిన్నప్పటినుంచి వద్దు నాయనా అంటానే ఉండె. ఆడబిడ్డ మాట అని ఇనలే. నీ చేతికి ఏం కట్టినావు అబ్బీ?"

తిప్పన్న పసుపుగుడ్డను చూసుకున్నాడు. అక్కడ మొక్కు అని చెప్పడానికి నోరు రాలేదు.

"నొప్పి," అన్నాడు. ఆ మాట బయటికి అనడం అదే మొదలు. గుడ్డ విప్పాడు. మణికట్టు ఎర్రగా వాచి ఉంది.

నీలావతి చూసి ముఖం తిప్పుకుని లోపలికి పోయింది. కళ్ళు తుడుచుకుందో, చెమట తుడుచుకుందో తిప్పన్న ఈసారి అనుమానించలేదు.

"ఓబులేసు మామా," అన్నాడు. ఎవరూ అడగకుండానే వరస కలిపాడు. "నీ కూతురు నన్ను వీధంతా వెలివేసేట్టు చేసింది. రంగప్ప నాకు టీ కూడా పొయ్యలా. నేను మరిచిపోయేవాణ్ణి కాదు, క్షమించేవాణ్ణి అంతకన్నా కాదు."

"ఏం చేస్తావు మరి?"

"ఇంట్లో పెట్టుకొని, ముసలితనం దాకా రోజూ అడుగుతాంటా."

లోపలినుంచి నీలావతి గొంతు వచ్చింది. "అడిగే నోరు నీకుంటే, జవాబు చెప్పే నోరు నాకుండాది!"

ఓబులేసు నవ్వలేదు. తిప్పన్నను కింది నుంచి పై దాకా చూశాడు. అతనూ మనుషుల్ని తొందరగా నమ్మే రకం కాదు. "ఈ కొంపలో రెండు చేతులు పోయినాయి. పోతాండే చేతికి పిల్లనియ్యను. నయమయ్యేదాకా పని ముట్టవు గదా?"

"ముట్టను. ఆమె చెప్పినట్టే పట్టడం నేర్చుకుంటా. అంతదాకా ఆగుతా."

నీలావతి పళ్ళెంలో సంగటి, పప్పు తెచ్చి నాయన ముందు కూర్చుంది. తిప్పన్న పళ్ళెం తనవైపు లాక్కున్నాడు.

"నువ్వు పెట్టినా తినడు," అందామె మెల్లగా. "నేను రాత్రి బండికి వచ్చేదాకా పస్తైనా ఉంటాడు గానీ, నా చేతి ముద్ద తప్ప ఎవురిదీ ముట్టడు. మా చిన్నమ్మ పెడితేనే తలకాయ తిప్పుకున్నాడు."

తిప్పన్న చెయ్యి కడుక్కొచ్చాడు. సంగటి చిన్న ముద్ద చేసి, పప్పులో అద్ది, ఎత్తి పట్టుకున్నాడు. ముద్ద మెత్తగానే ఉంది. ఆమె చెప్పినట్టే మణికట్టు వంచలేదు.

ఓబులేసు ఆ ముద్దను చూశాడు. ఆ మనిషిని చూశాడు. కూతుర్ని చూశాడు. తిప్పన్న చేతి ముద్దకు నోరు తెరిచాడు.